దూది పోగు ఆగిన చోట

కుడివైపు సొరుగు తెరువు, నాజెలీ.
మొదటి వారం అన్నీ ఒకే రకం ముళ్లలా కనిపిస్తాయి,
కంగారు పడకు.
ఓనిక్ మాస్టారి దగ్గర చేరిన కొత్తలో
గులాబీ రాయి అడిగితే ఆకుపచ్చది అందించి
నేనూ ఒక పూట టీ పోగొట్టుకున్నాను.

ఇది నిన్న పోత పోసిన చట్రం.
కోబాల్టూ క్రోమూ కలిసిన మొండి లోహం.
ఇసుక దెబ్బలు తిని బూడిద రంగులో కూర్చుంది.
తను ఎవరి నోట్లోకి వెళ్లాలో
దానికింకా తెలియదు.

ముందు పలచటి బిళ్ల,
పోత కాడల్ని తెంచడానికి.
కళ్లద్దాలు పెట్టుకో. తిరిగే బిళ్ల విరిగితే
ముక్క నీ పేరడిగి రాదు.
ఆ తర్వాత రాయి. ఈ లోహానికి గులాబీదే.
మొన బిగించాక గట్టిగా లాగి చూడు,
ఊగే మొన నునుపు చేయదు, పొడుస్తుంది.
నొక్కకు.
నొక్కితే పని తొందరగా తెములుతుందనిపిస్తుంది,
తెమలదు. లోహం కాలుతుంది,
రాయి పళ్లు అరిగి
అద్దంలా మెరుస్తూ ఊరికే తిరుగుతుంది.
కొక్కెం దగ్గర ఇంకా మెల్లగా:
మైనం కాదది, ఒకసారి తీసేస్తే
మళ్లీ అతికించడానికి.

రాయి గీసిన గీతలకు నల్ల రబ్బరు,
నల్ల రబ్బరు గీతలకు ఆకుపచ్చ రబ్బరు.
ప్రతిదీ ముందుదాని రాత చెరిపి
తన రాత, కాస్త సన్నగా, రాసిపోతుంది.
చివర ఉన్ని చక్రం, మెరుగు ముద్ద.
చిగురును తాకే వైపు మాత్రం
ఏదీ పెట్టకు. అచ్చు ఎలా ఇచ్చిందో అలాగే.

ఇదంతా ఓనిక్ గారు చెప్పారు.
ఖచిక్ సంగతి మాత్రం చెప్పలేదు,
అది నేను పడి నేర్చుకున్నాను.

గ్యుమ్రిలో ముక్కులో ఊపిరి గడ్డకట్టే నెల.
దుదుక్ వాయించే మనిషి
కోటు కూడా విప్పకుండా
చట్రం తీసి బల్ల మీద పెట్టాడు.
"ఎక్కడో గుచ్చుతోంది. నోటికి కాదు, ఊపిరికి."
నేను నవ్వాను. భూతద్దం కింద పెట్టి చూశాను,
వేలితో తడిమాను.
వెన్నలా ఉంది, తీసుకెళ్లమన్నాను.
మూడు రోజులకు మళ్లీ వచ్చాడు.
మళ్లీ వెన్న.
మూడోసారి ఏమీ అనలేదు,
పెట్టేసి, కిటికీలోంచి నల్లరాతి గోడ మీది మంచు చూస్తూ నిలబడ్డాడు.

నాలుకకు నరం లేదంటారు.
ఎవరన్నారో గానీ
వాళ్లు కట్టుడుపళ్లు పెట్టుకుని ఉండరు.

ఆ రాత్రి, చట్రాన్ని మరగబెట్టి ఆరబెట్టి,
చెవులకు పెట్టుకునే దూదిలోంచి ఒక పోగు లాగి
దాని మీద నడిపించాను.
వంపంతా జారింది. అంచంతా జారింది.
ఎడమ కొక్కెం చట్రాన్ని కలిసే మూలలో
పోగు ఆగింది.
లాగాను. రాలేదు.
ఒక తెల్ల వెంట్రుక, లోహాన్ని పట్టుకుని,
నేను చూడలేనిది చూపిస్తోంది.

ఇప్పుడు చెప్పు, నాజెలీ, ఏ మొన?
రాయి ఆ మూలలో పట్టదు.
కొత్త రబ్బరు లావు, పక్కనున్న మంచి చోటును తినేస్తుంది.
సొరుగు అడుగున, పారేద్దామని పక్కన పడేసిన
ఆకుపచ్చ రబ్బరు మొన దొరికింది,
అరిగి అరిగి ఆవగింజంత అయినది.
అది పట్టింది.
పెడల్ మీద బొటనవేలు మాత్రం ఆనించాను.
మూడు ఊపిరులు.
దూది జారిపోయింది.

ఖచిక్ పెట్టుకుని, వాద్యం లేకుండానే
బుగ్గలు నింపి ఖాళీగా ఊదాడు.
చాలాసేపు.
"ఆఁ," అన్నాడు, అంతే.
ఇంతా చేసి పాత బాకీ సగమే ఇచ్చాడనుకో,
అది వేరే కథ.

అందుకే ఈ అగ్గిపెట్టెలో అరిగినవి.
చెత్త అనుకుని ఊడ్చేయకు.
ఇదిగో దూది.
ఆ చట్రం ఇలా తీసుకురా.