మెట్ల గడి

మా కాలానికి యూనివర్సిటీలో ఎన్నికలు లేవు.
హాస్టల్ సెక్రటరీ అంటే
ఎవరికీ అక్కర్లేని పని నెత్తిన పడ్డ మనిషి.
అలాగే పడింది నా మీద,
రెండో ఏడాది మార్చిలో
మోటారు కాలిపోయిన మర్నాడు.

రెండువందల పన్నెండు మందిమి, ఆరు కుళాయిలు.
తెల్లారి ఐదుకి వచ్చి ఆరుకి పోయే నీళ్లు.
బకెట్ల మీద పేర్లు రాసుకునేవాళ్లం నెయిల్ పాలిష్‌తో.
హైమ, షమీమ్, నీలవేణి.
ఎస్తేరుది మాత్రం పెయింటు డబ్బా,
స్టీల్ ప్లాంటు నుంచి వాళ్ల నాన్న తెచ్చిచ్చింది.
దాని మీద పేరు అక్కర్లేదు.

ఒకరోజు అవన్నీ పట్టుకుని
పరిపాలనా భవనం దాకా వాయిస్తూ వెళ్లాం.
దూరంగా సముద్రం కనిపిస్తూనే ఉంది.
అంత నీటి పక్కన ఖాళీ బకెట్లు వాయించడం
మధ్యలో మాకే నవ్వొచ్చింది.

ఇంజనీరింగ్ సెక్షన్ గుమాస్తా, బోర అప్పలస్వామి గారు,
కళ్లద్దాలు తుడుచుకుంటూ బయటికొచ్చారు.
"అరుపునేటి ఫైల్లో కుడతానా తల్లీ?
లెక్కుంటే అట్టుకురా" అన్నారు.

కోపమొచ్చింది. ఆ కోపంతోనే లెక్కపెట్టాను.
పదకొండు రోజులు, నాలుగింటికే లేచి,
లాంగ్ నోట్‌బుక్కులో,
ఎవరికెన్ని బకెట్లు, ఎవరికి సగం,
నెలసరి రోజుల్లో రెండోసారి అడగలేక
ఎవరు వెనక్కి తిరిగారో.
ఆ చివరి వరుస వద్దంది వార్డెన్ మేడం.
రాశాను.

కొత్త మోటారు జూలైలో వచ్చిందట,
నేను పరీక్షలు రాసి వెళ్లిపోయాక.

ఇప్పుడు నగరానికి నీటి విధానం రాసే గదిలో
నాకో కుర్చీ ఉంది.
చుట్టూ ఉన్నవాళ్లవి పెద్ద చదువులు.
ఇంటర్వ్యూలో అనుభవమేమిటని అడిగితే
బకెట్లు, అన్నాను.
ఇద్దరు నవ్వారు. మూడో ఆవిడ నవ్వలేదు.
ఉద్యోగం ఆవిడ వల్లే వచ్చిందనుకుంటాను.

మనిషికి రోజుకి నూట ముప్పై ఐదు లీటర్లని నియమం.
కొండవాలు బస్తీకి వెళ్లాను కాగితాలు పట్టుకుని.
లీటర్లు సరిపోయాయి, కింద ట్యాంకరు దగ్గర.
పైడమ్మ ఇల్లు పైన, నూట నలభై మెట్లు.
"కింద నిండు బిందే బుల్లెమ్మా,
పైకొచ్చీసరికి ముప్పావు" అంది,
తడిసిన భుజం చూపిస్తూ.

ముసాయిదాలో ఒక గడి కలిపాను: మెట్లు.
పై అధికారి పెన్సిల్‌తో కొట్టేశారు.
మళ్లీ కలిపాను. మళ్లీ కొట్టేశారు.
మూడోసారి 'ఎత్తులో వ్యత్యాసం' అని రాశాను.
అది ఇప్పటికీ ఉంది.
పైడమ్మకి చెబితే
"అదేటి?" అంది.

నిన్న ఓ పిల్ల వచ్చింది,
బీటెక్ మూడో ఏడు, వెనక తొమ్మిదిమంది.
గొంతు బొంగురుపోయి ఉంది, పొద్దుట్నించీ అరిచినట్టు.
నేను నోరు తెరిచేసరికి
అప్పలస్వామి గారి మాటే సిద్ధంగా ఉంది నోట్లో.
"ఎన్ని రోజులు లెక్కపెట్టారు?" అన్నాను.
ఆ పిల్ల నా టేబుల్ మీది నీళ్ల సీసా వంక చూసి
"దాహమేస్తే లెక్కపెడతారా మేడం?" అంది.

ఇన్నేళ్లలో ఎన్నో నోట్లు రాశాను,
దీనికి రాసిన జవాబు లేదు.
సీసా అటు జరిపాను.
తాగి, వెనక్కి ఇచ్చింది. వాళ్లు వెనక్కి.
చివరి మనిషి దాకా రాలేదు.

ఏడో పిల్ల దగ్గర అయిపోయింది.

నా చెయ్యి దానంతటదే
పెన్ను కోసం వెతుకుతోంది.