క్రిక్యెలు అద్దెకు దిగిన గోడ

మార్చి మొదటి వారం. వచ్చేశాయి.
రాత్రి లేని గోల తెల్లారేసరికి ఉంది.
చేపల ఫ్యాక్టరీ గోడకి, మూడో అంతస్తు కిటికీల కింద,
జానెడు గట్టు మీద
హాజరు పట్టీలో సున్నాల్లా
తెల్లగా, వరుసగా.

క్రిక్యె అంటారు వీటిని మా వార్డోలో.
ఆ పేరు ఎవరూ పెట్టింది కాదు.
అదే అరిచి చెప్పుకుంది.

పదీ పావుకి నాకు కాఫీ విరామం.
వృద్ధాశ్రమం వంటగది కిటికీలోంచి చూస్తే
ఫ్యాక్టరీ వెనక గోడ మొత్తం కనిపిస్తుంది.
ఈ పనిలో చేర్చుకునేటప్పుడు
ఈ కిటికీ సంగతి ఎవరూ చెప్పలేదు.

పంతొమ్మిదేళ్లు ఆ గోడకి లోపలి వైపు నిలబడ్డాను.
బెల్టు మీద కాడ్ చేప వచ్చేది,
కత్తి మెడ దగ్గర దిగి తోక దగ్గర తేలేది.
నిమిషానికి ఆరు.
తలెత్తితే ఐదు.
పక్షుల్ని అప్పుడు చూసిన గుర్తు లేదు. వినడమే,
అదీ మిషన్ల మోతలో ఇంకో మోతగా.

ఆరేళ్ల కిందట, జనవరి చివర్లో,
రెండు నెలల చీకటి తర్వాత సూర్యుడు
అప్పు తీర్చడానికొచ్చినవాడిలా
గుమ్మం దాకా వచ్చి వెళ్లిపోయిన రోజున
ఫోర్‌మన్ ఒస్వాల్డ్ బల్ల మీద కత్తి పెట్టాను.
ఆయన నా కాగితం చదవలేదు.
కత్తి అంచుని బొటనవేలి గోటి మీద ఆనించి చూసి
"ఇంకో ఏడాది వస్తుంది" అన్నాడు.
కత్తి గురించి అనుకున్నాను.
గేటుకి గొలుసు పడ్డాక గాని తెలియలేదు
అది దేని గురించో.

నా పక్క బల్ల టూర్డిస్ మాత్రం
"ముందే తెలిసి దూకావు" అంది.
తర్వాత నాలుగేళ్లు
రొట్టెల దుకాణంలో ఎదురుపడ్డా
నా కోటు గుండీలకేసి చూసేది.

నాకేం తెలుసు!
కుడి భుజం లేవడం మానేసింది, అంతే.
రెక్కాడితే గాని డొక్కాడదంటారే,
నాకు రెక్కే ఆడలేదు.
జడేసుకోవడానికి తలని చేతి దగ్గరికి దించుకునేదాన్ని.
ఇదంతా ఆమెకి చెప్పొచ్చు.
చెబితే సాకులా ఉంటుందని చెప్పలేదు.
సాకు కాదని నాకూ పూర్తి నమ్మకం లేదు.

ఇక్కడ గోళ్లు తీస్తాను, మేజోళ్లు తొడుగుతాను,
చెవుల్లో చుక్కలు వేస్తాను.
మొదటి వారం, ముసలి ఆస్‌మున్ మణికట్టుని
జారిపోతుందేమోనని చేపని పట్టినట్టు పట్టాను.
"చచ్చాక పట్టుకో అలా" అన్నాడాయన.
పట్టు వదులు చేయడం నేర్చుకోవడానికి
ఒక చలికాలం పట్టింది.

ఈ పక్షులూ ఒకప్పుడు ఎదుటి దీవి కొండ మీదే ఉండేవట.
గద్దల బాధకని కొందరు, చేప తగ్గిందని కొందరు.
వాటినెవరూ అడగలేదు.
కొండ వదిలి గోడకొచ్చినందుకు
మున్సిపాలిటీ వాళ్లు వల కట్టారు, ఇనుప ముళ్లు కొట్టారు.
ముళ్ల మధ్యే బురద మెత్తి, నాచు పేర్చి,
ముళ్లనే రాటలు చేసుకుని
కాపురాలు పెట్టాయి.

టూర్డిస్ ఇప్పుడు రేవులో టికెట్లు అమ్ముతుంది,
పక్షుల్ని చూడ్డానికి దీవికెళ్లే పడవకి.
ఇరవై ఏళ్లు తలెత్తని మనిషి!
వాన లేకపోయినా గొడుగేసుకుని ఆ గోడ కింద నడుస్తుంది.
ఎందుకో ఇక్కడందరికీ తెలుసు.

నిన్న వాళ్ల పిన్నిని చూడ్డానికొచ్చి
వంటగదిలోకి తొంగిచూసింది.
కాఫీ పోశాను. వద్దనలేదు.
కిటికీ దగ్గర నా పక్కన నిలబడింది,
బెల్టు దగ్గర నిలబడినంత దూరంలోనే.
చాలాసేపటికి
"పోయినేడు నలభై మూడు జంటలు.
ఈసారి నలభై ఒకటి" అంది.

"నలభై రెండు" అన్నాను.
"పైపు వెనక చూడు."

వంగి చూసింది.
అప్పుడే ఒక పక్షి గట్టు వదిలింది.
అది దూకలేదు, ఇద్దరం చూశాం.
కింద ఏదో ఉన్నట్టు
గాలి మీద అడుగు వేసింది.

ఏడో గదిలో గంట మోగింది.
ఆస్‌మున్‌కి మేజోళ్లు కావాలట,
ఎర్రవి కాదు, ఆ రెండోవి.