పోటుగీత నుంచి దూరం

గండి కొలిచే టేపుకు
ఆ కొస సారు పట్టుకున్నాడు, ఈ కొస నేను.
నడుమ పాపాఘ్ని,
ఏమీ ఎరగనట్టు, మోకాటిలోతున.

అరవై రెండు మీటర్లు సారూ, అన్నా.
మళ్లీ కొలుద్దామన్నాడు.
మళ్లీ అరవై రెండే.
మనం అడిగితే ఏరు తగ్గించుకుంటాదా?

ఆ తుఫానుకు ఎవరో పేరు పెట్టినారంట.
మా కుళ్లాయప్ప ఫోన్లో చూపించినాడు,
నాకు నోరు తిరగలా.
బంగాళాఖాతంలో యాడో పుట్టి
నెల్లూరు దిక్కు గట్టెక్కి
మా మీదికొచ్చేసరికి బలహీనపడిందన్నారు.
బలహీనపడిందే
ఇమాంసా పసుపుచేను మీద
నడుములోతు ఇసుక పోసిపోయింది.
ఆయన ఇంకా తవ్వుతానే ఉన్నాడు,
చేతులు మాత్రం పచ్చగా ఉన్నాయి.

సాయం అడిగే కాయితం
సముద్రం ఒడ్డునోళ్ల కోసం అచ్చేసింది.
ఏడో గడి: రక్షణగోడ రకం.
ఎనిమిదో గడి: పోయిన పడవలు ఎన్ని.
తొమ్మిదో గడి:
సముద్రపు పోటుగీత నుంచి దూరం.
సారు పెన్ను ఆడ ఆగిపోయింది.
చిన్నోడు. కొత్త బూట్లు, వాటి నిండా ఒండ్రు.
"పెంచలయ్యా, ఏం రాద్దాం?"

ఇరవై ఆరేండ్లుగా లస్కరును నేను.
తూము తలుపు ఎన్ని చుట్లకు లేస్తాదో చెప్పగలను.
సముద్రాన్ని చూసింది మాత్రం ఒక్కసారే,
మైపాడు కాడ,
మా అక్క అస్థికలు కలిపేదానికి పోయి.
ఆ పొద్దు దూరం కొలవలా.

ఖాళీగా వదిలితే కాయితం వెనక్కొస్తాదంట.
సున్నా వేస్తే అబద్ధం.
ఉన్నదున్నట్టు వేస్తే,
ఇంత దూరానున్నోళ్లకు
తుఫాను సాయం ఎందుకని అడుగుతారంట.

అంతలో వడ్డె సుంకులమ్మ
గండిలోకి దిగింది, చీర మోకాళ్లకు దోపి.
తెగిన అంచున రాళ్లను
పసిబిడ్డ ఒళ్లు చూసినట్టు తడిమింది.
"ఈ వరస మాయమ్మ పేర్చింది సామీ.
కింద కంకర, మీద మూడు వరసలు,
రాయికి రాయి పల్లు పట్టించి.
ఆ పక్క కంట్రాక్టరు
ఒక్క వరస పరిచి సిమెంటు పూసినాడు,
పెండ్లిచూపులకు పౌడరు పూసినట్టు.
ఏరు ఆడ మొదలుబెట్టింది.
మాయమ్మ కాడికొచ్చి ఆగింది."
సారు ఆ మాట ఏ గడిలో పట్టిస్తాడా అని
కాయితం అటూ ఇటూ తిప్పినాడు.
లేదు.

తొమ్మిదో గడిలో చివరికి
వర్తించదు, అని రాసినాడు.

మూడు నెలలకు ఆర్డరొచ్చింది.
తీరరక్షణ కట్టడం, తాత్కాలిక మరమ్మతు,
నలభై మీటర్లు.
తీరమంటే మాదేనా అని
ఊర్లో అందరం ఒకరి మొకం ఒకరు చూసుకున్నాం.
లారీలొచ్చినాయి, మట్టి పడింది,
నలభై కాడ సున్నపుగీత గీసి ఆపినారు.
మిగిలిందో అని అడిగితే
వర్తించదన్నారు.
సారు రాసిన మాట అంత బలమైందని
సారుకు కూడా తెలిసుండదు.

"నలభై కట్టి ఇరవై రెండు వదిలితే
అది కట్టా, వాకిలా?"
ఇమాంసా అడిగినాడు ఎవర్నో కాదు, ఏటిని.

మళ్లీ అల్పపీడనమంట.
కుళ్లాయప్ప ఫోన్లో తెల్లటి సుడి తిరగతా ఉండాది.
తెల్లారుజామున కట్టమీదికి పోతే
రాయి మీద సమ్మెట పడే చప్పుడు.
సుంకులమ్మ, ఆమె కోడలు,
మస్టరు లేదు, కూలి లేదు,
కొట్టకపోయిన రాళ్లనే ఏట్లోంచి ఏరుకొచ్చి
పల్లు పట్టిస్తాండారు.
నేనేం అనలా.

టేపు నా సంచిలోనే ఉండాది.
ఆ కొస పట్టేదానికి సారు లేడు, బదిలీ అయినాడు.
కొసను ఒక రాయి కింద అదిమిపెట్టి
ఒక్కణ్నే గండి దాటి
కొలిచినా.

ఇరవై ఒకటిన్నర.