ఒక్క గాటు

ఆస్లౌగ్ నా గదిలోకి వచ్చి కూర్చోకుండానే అడిగింది:
"రోజుకి ఎనిమిది వందల చేపల కడుపులు కోస్తాను డాక్టర్.
ఒక్క గాటు, బొటనవేలితో ఒక్క తోపు,
లివర్ ఒక తొట్టిలో, జన ఇంకోదాంట్లో.
నాలో ఉన్న ఒక్కదాన్ని తీయడానికి
మీకిన్ని మీటింగులెందుకు?"

కళ్ళు అప్పటికే పసుపు.
ట్రోమ్సోలో ఆ నెల మిట్టమధ్యాహ్నమూ చీకటే,
ఫ్యాక్టరీ బల్బు కింద అందరి మొహాలూ ఆ రంగేనట.
నడుం నొప్పికి ఏడు నెలలు పూతమందు రాసుకుంది.
చిక్కిందని చెల్లెలు మెచ్చుకుంది.

కాగితం మీద గీశాను.
కడుపు వెనక, వెన్నుకి ఆనుకొని,
పిలిస్తే పలకని క్లోమం.
పక్కనే పేగులకు నెత్తురు మోసే ధమని.
గడ్డ దాన్ని ముప్పావు వంతు చుట్టేసింది.
ఆమె నా పెన్ను తీసుకుని దిద్దింది:
"వల ప్రొపెల్లర్‌కి చుట్టుకున్నట్టు."
అవును.
"వల కోయబోతే ఇరుసు తెగుతుంది."
అవును.
"అయితే ముందు వదులు చెయ్యాలి."
ఇరవై ఏళ్ళుగా నా విద్యార్థులకి
ఇంత పొట్టిగా చెప్పలేకపోయాను.

రెండు వారాలకోసారి కీమో.
నడుముకి కట్టిన మందు సీసాతో పడవెక్కి ఇంటికి.
మందు వెళ్తుంది, గుమ్మం దాకా.
గడ్డ తన చుట్టూ తానే గోడ కట్టుకుంది,
ఆ గోడ బరువుకి దారులన్నీ నలిగి మూసుకుపోయాయి.
లోపలికి చేరేది చెంచాడు.
మిగతాదంతా ఆమె వేళ్ళకి, నాలుకకి, నిద్రకి.

ఇప్పుడు చలి పడదు.
నలభై ఏళ్ళు మంచుగడ్డల్లో చేతులు పెట్టిన మనిషి
పాల డబ్బా తీయడానికి ఉన్ని తొడుగులు వేసుకుంటుంది.
గేటు గొళ్ళెం ముట్టుకుంటే గాజుపెంకులు.
"చేపలు నామీద కక్ష తీర్చుకుంటున్నాయి" అని నవ్వింది.
ఆ నవ్వుకి మా నర్సు ఇంగ్‌విల్ బయటికెళ్ళిపోయింది.

తిన్నది అరగడానికి తిన్నప్పుడల్లా మాత్రలు.
"తిండిని కూడా డ్యూటీ చేశారు మీరు."

ఎనిమిది విడతలు. ఆరు మిల్లీమీటర్లు తగ్గింది.
మాలో ఇద్దరు కోద్దామన్నారు, ఒకరు వద్దన్నారు.
మిగిలింది మచ్చో, బతికున్న గడ్డో
బొమ్మలో తెలీదంది రేడియాలజిస్టు.

తెరిచాను.
ధమని వదులైంది. నిజంగా వదులైంది.
కాలేయం అంచున, ఏ స్కానూ చూపించనిది,
ఉప్పుకల్లంత తెలుపు.
పక్కన ఇంకొకటి.
ముక్క తీసి పంపి, ఇరవై నిమిషాలు
చేతులు గుండెకానించుకుని నిలబడ్డాం.
ఫోను మోగింది.
మూసేశాను.
కుట్లు మాత్రం ఎప్పటికన్నా జాగ్రత్తగా వేశాను,
ఎందుకో నాకే తెలీదు.

మెలకువ రాగానే ఆమె గోడ గడియారం చూసింది.
పొద్దున ఎనిమిదికి తీసుకెళ్ళాం.
ఏడు గంటలు పడుతుందని చెప్పింది నేనే.
"పదకొండూ కాలేదు," అంది.
కత్తి పట్టిన మనిషి. లెక్క చెప్పక్కర్లేదు.

చాలాసేపటికి చెయ్యి చాపింది.
నా చెయ్యి చల్లగా తగిలి చప్పున వెనక్కి తీసుకుంది.
మళ్ళీ తనే
తలగడ కింద తడిమి
తొడుగు వేసుకుని పట్టుకుంది.