కాఫీరంగు సంచి

మొంబాసాలో మా ఆఫీసుకి రెండు కిటికీలు.
సముద్రం వైపుది తుప్పుపట్టి తెరుచుకోదు.
రెండోదాంట్లోంచి టపా మనిషి చెయ్యి మాత్రం కనిపిస్తుంది.
పరాయి దేశాల కోర్టులకు ఉత్తరాలు రాయడం నా ఉద్యోగం.
మీ ఘనతకు మా ఘనత నమస్కరించి
వ్రాయునది ఏమనగా,
అని మొదలుపెట్టాలి,
చచ్చిపోయినవాళ్ళ సంఖ్య రాయబోయే ముందు కూడా.

రేవులో బాంబుకి కావలసిన డబ్బు
మూడు దేశాలు దాటడానికి నలభై నిమిషాలు పట్టింది.
ఆ లెక్క కాగితం మీద చూశాను, బ్యాంకు ముద్రతో సహా.
పంపినవాడు గెంట్‌లో
సైకిళ్ళ దుకాణం పైగదిలో అద్దెకుంటున్నాడు.

అతని కోసం నేను రాసిన ఉత్తరం
నైరోబీ వెళ్ళి ఒక బల్లమీద పడుకుంది.
ముద్ర వేయించుకుని లేచింది.
బ్రస్సెల్స్‌లో భాష మార్చుకుంది,
గెంట్‌లో మళ్ళీ మార్చుకుంది.
పదకొండు నెలలకి ఇంటికొచ్చింది,
ఒక ప్రశ్నని వెంటబెట్టుకుని:

సాక్షి చూసినది కాఫీ సంచా,
కాఫీ రంగు సంచా?

మ్వానకొంబో ఆ రేవులోనే
వేయించిన కర్రపెండలం అమ్మేది.
కహవియా అంది వాంగ్మూలంలో.
మా భాషలో ఆ రంగుకి కాఫీయే పేరు పెట్టింది.
ఇంకెక్కడో దాన్ని గోధుమరంగు అంటారట.
వాళ్ళ సాక్షిని అడుగుతారు కాబోలు,
అమ్మా, అది గోధుమల బస్తానా అని.

నేను బస్సెక్కి వెళ్ళి అడిగాను.
ఆమె మూకుడు దించలేదు.
"అందులో కాఫీ ఉందో లేదో నాకేం తెలుసు తల్లీ,
ఉన్నదేదో నా కొడుకు మీద పడింది."
ఆ మాట జవాబు గడిలో పట్టలేదు.
"రంగు" అని మాత్రం రాశాను.

తర్వాత ఉరి గురించి రాశారు.
మీ చట్టంలో ఉరి ఉంది కనుక మనిషిని మీకివ్వలేం.
అప్పగించు, లేదా నువ్వే విచారించు
అనే ఒప్పందం మీద ఇద్దరం సంతకం చేశాం కనుక
మేమే విచారిస్తాం.
నాకు కోపం వచ్చింది.
రాత్రి అన్నం ముందు కూర్చుని ఆ వాక్యం మళ్ళీ చదివాను.
తప్పెక్కడుందో దొరకలేదు. కోపం పోలేదు.

అవతలి ఆఫీసులో లీసెలోట్ అనే గుమస్తా ఉంది.
మేమెప్పుడూ కలుసుకోలేదు.
ఫోనులో ఆమె వెనక వాన వినిపించేది.
ఒకసారి కట్టలో చిన్న చీటీ పెట్టింది, చేతిరాత:
"ఇది నా బల్లమీద ఆగలేదు. ఒట్టు."
ఆ చీటీకి ఫైలులో నంబరు లేదు.
నా సొరుగులో ఉంది.

మూడో ఏడు, జనవరి. తెరమీద విచారణ.
మా పదకొండు, వాళ్ళ తొమ్మిది.
అక్కడ దీపాలు వెలుగుతున్నాయి, ఇక్కడ ఫ్యాను గిరగిరా.
మ్వానకొంబో కొత్త కంగా కట్టుకొచ్చింది.
తెరలో ఒక మూల అతను, తల వంచుకుని,
గోళ్ళు చూసుకుంటూ.
ఆమె అతని వంక రెండుసార్లు చూసింది,
బేరం కుదరని మనిషిని చూసినట్టు.

జడ్జీ ముసలివాడు, కాగితం దగ్గరగా పెట్టుకుని చదివాడు:
"మృతుడు అటుమాని."
"అథుమాని," అంది.
"అటు..."
"కాదు. నాలిక పళ్ళ దగ్గరికి రావాలి."

పేరుకి అనువాదం ఉండదు గనక
దుబాసీ ఊరుకున్నాడు.
జడ్జీ కళ్ళజోడు తీశాడు.
ఎవరూ తొందరపెట్టలేదు.
మూడోసారి పళ్ళ మధ్యకి నాలిక తెచ్చుకుని,
చిన్నపిల్లాడిలా,
"అథుమాని" అన్నాడు.

ఆమె తల ఊపింది.
అక్కడెవరో దాన్ని టైపు కొట్టిన చప్పుడు
సముద్రాలు దాటి
అర సెకను ఆలస్యంగా మా గదిలోకి వచ్చింది.

తీర్పు మార్చికి వాయిదా.
సాక్షి బస్సు చార్జీ ఏ దేశం ఇవ్వాలో
ఒప్పందంలో వెతికాను, లేదు.
నా పర్సులోంచి తీసిచ్చాను.
చిల్లర లెక్కపెట్టుకుని
ఇరవై షిల్లింగులు ఎక్కువొచ్చాయని
వెనక్కిచ్చేసింది.