చిరుగు కూలి

పగలు నాది చింపే పని.
రాయదుర్గంలో, రేకుల షెడ్డులో,
కొత్త జీన్స్ ప్యాంటు మోకాలి మీద
గరుకు కాగితం పెట్టి రుద్దుతా.
నూలు తెల్లగా పళ్ళు బయటపెట్టేదాకా రుద్దితే
ప్యాంటుకు మూడు రూపాయలు.
చినిగితేనే అమ్ముడుబోతాదంట.
మేస్త్రీ చెప్తాడు, నవ్వకుండా.

సాయంత్రం గుమ్మగట్ట ఆటో దిగి
చేతులు కడిగితే నీళ్ళు నీలం.
గోళ్ళ సందుల్లో నీలం.
రాగిముద్దను బల్బు కాడికి తెచ్చి
ఒకసారి తిప్పి చూసుకున్న రోజులున్నాయి.

రాత్రి మా అత్త తిప్పక్క కాడ
చిరగని పని.
మామ పోయినాక మగ్గం గుంటలోకి ఆమే దిగింది,
ఎవరినీ అడగలేదు.
ఆమె నరం విల్లు మీటుతాంటే
గడ్డకట్టిన ఉన్ని ఒక్కసారిగా ఊపిరి తీసుకుంటాది.
నేను రాట్నం ముందు కూర్చుంటా.
పగలంతా నూలు తెంపిన వేళ్ళు
పొద్దు గూకినాక పోగు తెగకుండా చూడాల.
మొదట్లో తెగేది.
"షెడ్డు చేతులు బయట పెట్టి రా మే" అనేది అత్త,
తిట్టినట్టు కాదు,
చెప్పులు వాకిట్లో విడవమన్నట్టు.

చింతగింజలు వేయించి, పొట్టు రాల్చి,
నానబెట్టి రుబ్బి గంజి కాస్తాం.
వీధి పొడుగునా పడుగు సాగదీసి
ఈతకుంచెతో అటు ఆమె, ఇటు నేను.
మిగిలిన గంజి బర్రె తాగింది.
ఉన్ని కడిగిన నీళ్ళు వంగ పాదుల్లో ఇంకినాయి.
ప్యాంట్లు ఉతికిన నీళ్ళు యాడికి పోతాయో
షెడ్డులో ఎవరూ చెప్పరు.
కాలవ కాడ నిలబడి చూసినా,
అది కూడా నీలంగా ఊరుకుంది.

మొన్న బెంగళూరు నుంచి ఒకాయన వచ్చినాడు,
కళ్ళద్దాలు నెత్తిన పెట్టుకొని.
"నేచురల్‌లో నీలం దొరుకుతుందా అమ్మా?"
అత్త దొడ్డి దిక్కు చెయ్యి చూపింది:
"పోయి అడుగు నాయనా,
ఏ గొర్రెకన్నా నీలం పుట్టిందేమో."
నలుపు ఉండాది. బూడిద ఉండాది.
ముసలి గొర్రె మెడకాడ
ఎండకు మాడిన వక్కరంగు ఉండాది.
అంతకుమించి కలపడం మాకు రాదు.

ఆయనకు చెప్పనిది ఒకటుంది.
నల్లగొర్రెలు ఇంక పదకొండే.
మా మరిది ఎర్రిస్వామి నెల్లూరు జాతి తెచ్చినాడు,
పొడుగు కాళ్ళవి, బరువు తూగేవి,
ఒంటిన ఉన్ని లేనివి.
సంతలో కసాయి గొంగడి అడగడు కదా.
వాణ్ణి ఏమనేది?
నేను రుద్దే మోకాళ్ళకు నన్నెవరేమన్నారు?

నిన్న బొచ్చు కోసినాం.
కాళ్ళు కట్టి పడుకోబెట్టి
కత్తెర కడుపు కిందికి పోతాంటే
చుక్కగొర్రె నా మోచెయ్యి నాకింది.
ఉప్పు కోసమేమో.
కట్లు విప్పితే లేచి నిలబడింది, సగమై.
దాని పిల్లే దాన్ని గుర్తుపట్టలేదు.
చుట్టూ మూడుసార్లు తిరిగి
వాసన చూసి, ఇంకోసారి చూసి,
అప్పుడు పాలకు దూరింది.

మామ గొంగడి ఇంకా ఉంది.
నలభై ఏండ్లది.
వానలు లెక్కేస్తే తక్కువే,
అనంతపురం వానలు కదా.
చలికి కప్పు, ఎండకు నీడ,
శనగలు కట్టుకుంటే మూట.
ఒక్కచోట చినిగింది, మోకాలి కాడ.
గట్టు మీద కూర్చొని కూర్చొని,
మందను చూసి చూసి
ఆయన చింపుకున్న చిరుగు.
దానికి ఎవరూ కూలి ఇయ్యలేదు.

ఈ రాత్రి దాన్ని అల్లుతాండా.
పాత నలుపు వెలిసిపోయింది,
నా పోగు కొత్త నలుపు.
అతుకు తెలిసిపోతాది, అన్నా.
"తెలవనీ" అంది అత్త,
గింజలు వేయించుకుంటా.

ఏడింటికి ఆటో.
సూది చూరులో గుచ్చి పెట్టినా.
ఇంకా జానెడు ఉండాది.