కాగితమంత ఆట

ఆగస్టు. జహ్రాలో రాత్రి పదకొండు.
రేకుల షెడ్డు ఇంకా పగటినే కక్కుతోంది.
స్పానర్లను తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్నాం,
లేకుంటే అరచేతిలో నంబరు అచ్చు పడుతుంది.

నాలుగు స్టాండ్ల మీద డాట్సన్,
డెబ్బై రెండు మోడలు, మామిడిపండు రంగు,
ఇంత పొడుగు ముక్కు, రెండే సీట్లు.
ఇద్దరి కోసం ఇంత బండా అని
వచ్చిన కొత్తలో నవ్వుకున్నాను.
ఇప్పుడు దాని కడుపు కింద వెల్లకిలా నేను,
పక్కనే బాబా, బూ మిషారి,
డెబ్బై నాలుగేళ్ళు, ఒక మోకాలు జర్మనీది.

"అర్బతాష్" అంటాడు. పద్నాలుగు అందిస్తాను.
"సబాతాష్" అంటాడు. పదిహేడు.
నా అరబ్బీ లెక్కలు బోల్టుల దగ్గర నేర్చినవి.
పదకొండంటే ఇప్పటికీ తడుముకుంటాను,
మేం విప్పినంతలో ఆ సైజు తగల్లేదు.

ప్రొపెల్లర్ షాఫ్ట్ దించేముందు
సుద్దముక్కతో అటొక గీత ఇటొక గీత గీసినాను,
ఎక్కించేనాడు రెండూ కలవాలని.
క్రాసులు చేత్తో తిప్పితే
డబ్బాలో చింతపిక్కల చప్పుడు.
గేర్‌బాక్సు నా రొమ్ము మీదికి దిగింది,
కాళ్ళు కట్టేసిన పొట్టేలు మాదిరి.
"శ్వయ్య, శ్వయ్య."
బాబా ఊపిరి నా చెవిలో, ఏలక్కాయ వాసన.
వెనక హౌసింగు మూత తెరిస్తే
ఆ వాసన కూడా కుళ్ళిన గుడ్డు కింద చచ్చింది.

కొత్త క్రౌను పినియన్ ఒసాకా నుంచి వచ్చింది:
నాలుగు నెలలు, ఒక చెక్కపెట్టె, నా మూడు జీతాలు.
బిల్లు ఇద్దరం చూసినాం.
ఎవరం ఏమీ అనలేదు.

రాయచోటిలో, మదనపల్లె రోడ్డు లారీ షెడ్డులో
దస్తగిరి మేస్త్రి సింధూరం నూనెలో కలిపి
క్రౌను పళ్ళకు పూసి తిప్పేవాడు.
"యాడ ఎరుపు చెరిగిందో ఆడ పన్ను ఆనుతాండాది.
నడిమికి రావాల.
తర్వాత ఆట చూడు.
ఎక్కువైతే కొట్టుకుంటాయి,
అసలే లేకుంటే కాలిపోతాయి.
సిగరెట్టు కాగితమంత. అంతే."
నాకప్పుడు పద్నాలుగేళ్ళు,
ఆటంటే గోలీలే.

జహ్రాలో అర్ధరాత్రి సింధూరం యాడ తేను?
మనవరాలు దలాల్ మేడమీంచి లిప్‌స్టిక్ విసిరి
"తిరిగివ్వొద్దు" అంది.
ఒక షిమ్ము తీసినాం, తిప్పినాం, ఎరుపు కొసకు జరిగింది.
రెండు పెట్టినాం, నడిమికి వచ్చింది.
బాబా వేలితో కదిలించి కళ్ళు మూసుకున్నాడు.
టిక్.
నేనూ కదిలించాను.
టిక్.
"మా ఊళ్ళో దీన్ని ఆట అంటారు."
"ఆతా" అన్నాడు. నోట్లో తిప్పి చూసి మళ్ళీ, "ఆతా."

మూడో రాత్రి అంతా బిగించినాక
ట్రేలో ఒక వాషరు మిగిలింది.

"మాఫీ ముష్కిల్" అన్నాడు.
"మాఫీ ముష్కిల్" అన్నాను.
ఎవరి గదికి వాళ్ళం పోయినాం.

గేటు పక్క గదిలో ఏసీ హోరు.
కళ్ళు మూస్తే బోల్టులన్నీ వరసకట్టి
నాదా, నాదా అని అడుగుతున్నాయి.
రెండు గంటలకు టార్చి పట్టుకొని పోతే
బండి కింద అప్పటికే రెండు కాళ్ళు,
ఒకటి మడిచి, జర్మనీది చాపి.
మాట్లాడకుండా పక్కకు దూరినాను.
ప్రతి తలా తట్టినాం, రెండేసిసార్లు.
దానికి యాడా చోటు లేదు.
వెలుతుర్లో తిప్పి తిప్పి చూసి
మోకాలు తట్టుకున్నాడు:
"ఇది నాదేమో, ఒబ్బూ."
ఓబులేసు అనడం ఆయనకు చేతకాదు.
నవ్వబోతే సైలెన్సరు నుదుటికి కొట్టింది.

శుక్రవారం తెల్లారి, సల్మీ రోడ్డు.
తాళాలు నా వైపు విసిరినాడు.
ఏడేళ్ళుగా ఆయన ముఖం నాకు అద్దంలోనే తెలుసు.
ఈ బండికి వెనకసీటు లేదు.
మూడో గేరు, నాలుగు,
ఎనభై, తొంభై,
రేడియో కట్టి ఇద్దరం చెవులు వెనక్కి పెట్టినాం.
మూలుగు లేదు. అరుపు లేదు.
ఇసుక మాత్రం అద్దాన్ని గీకుతోంది.

వంద దగ్గర బాబా ఉలిక్కిపడ్డాడు.
"ఏం చప్పుడది?"

తాళాల గుత్తికి గుచ్చిన వాషరు.

"నీ మోకాలు, బాబా" అన్నాను.